వెతికేవాళ్లు లేని శవం

పేపర్లో జిల్లా పేజీ అడుగున తరచూ కనిపించే వార్త ఒకటుంది: ‘గుర్తు తెలియని వ్యక్తి మృతి’. పట్టాల పక్కన శవం, వయసు సుమారు అరవై, ఒంటిమీద ఫలానా రంగు చొక్కా, ఆచూకీ తెలిసినవారు రైల్వే పోలీసులను సంప్రదించాలి. మా సైదాబాద్‌కు మలక్‌పేట రైల్వే స్టేషన్ దగ్గరే కాబట్టి మాకు ఇలాంటివి కొత్త కాదు, చదివి పేజీ తిప్పేస్తాం. 2019 జూన్ 21న విడుదలైన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో కుట్ర మొత్తం ఆ నాలుగు లైన్ల వార్త మీదే నిలబడింది.

దర్శకుడు స్వరూప్ ఆర్‌ఎస్‌జేకి ఇది తొలి సినిమా. ఆత్రేయగా నటించిన నవీన్ పొలిశెట్టికి రచనలోనూ చెయ్యి ఉంది. నెల్లూరులో ఆత్రేయ నడిపే ఆఫీసు పేరు ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. మన థ్రిల్లర్లకు రహస్య సంస్థలు, ముఠాలు కొత్త కాదు. ‘గూఢచారి’లో త్రినేత్ర అనే గూఢచార సంస్థ ఉంది, అంతకు చాలా ముందే ‘అనుకోకుండా ఒక రోజు’లో మూఢభక్తుల గుంపు ఉంది. ఇక్కడి ముఠాకు అలాంటి హంగూ ఆర్భాటం లేవు. దానికి కావలసిందల్లా ఒక నమ్మకం, ఒక వ్యాను, ఎవరి డ్యూటీ వాళ్లు చేసుకుపోయే ఉద్యోగులు.

ఇక్కణ్నుంచి గుట్టు విప్పేస్తున్నాను. సినిమా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

ముఠా మనుషులు చావు దగ్గరపడ్డ ఇళ్లను పట్టుకుంటారు. పుణ్యక్షేత్రంలో దహనం చేయిస్తే పోయినవాళ్లకు మోక్షమని నమ్మించి శవాన్ని తీసుకెళ్తారు. తర్వాత చనిపోయినవాళ్ల వేలిముద్రలను నేరాలకు వాడుకుని, శవాన్ని పట్టాల పక్కన పడేస్తారు. మిగతా పని ప్రభుత్వమే చేసిపెడుతుంది. శవపంచనామా, పోస్టుమార్టం, ఫొటో, ఆనవాళ్లతో ప్రకటన, మార్చురీలో కొన్నాళ్లు, ఎవరూ రాకపోతే ఖననం. అప్పట్లో సీఆర్‌పీసీ 174 కింద జరిగిన ఈ విచారణ 2024 జులై నుంచి కొత్త చట్టంలో 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఇందులో ఏ ఉద్యోగికీ లంచం ఇవ్వక్కర్లేదు, ఎవరినీ బెదిరించక్కర్లేదు. ఆధారాన్ని మాయం చేసే పని పద్ధతి ప్రకారం, సంతకాలతో సహా పూర్తవుతుంది.

నన్ను బాగా ఆకట్టుకున్న నేర్పు ఇంకా లోపల ఉంది. గుర్తు తెలియని శవం దొరికితే పోలీసులు మొదట మిస్సింగ్ కేసులు తిరగేస్తారు. ఒక రిజిస్టరులో తప్పిపోయినవాళ్లు, ఇంకో రిజిస్టరులో పేరు లేని శవాలు. రెండూ కలిసిన చోట కేసు తేలుతుంది. ఈ సినిమాలో అవి ఎప్పటికీ కలవవు. ఇంట్లోవాళ్ల దృష్టిలో మనిషి తప్పిపోలేదు, పోయాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇక ఫిర్యాదు ఎవరిస్తారు? పోలీసులకు శవం ఉంది, అడిగేవాళ్లు లేరు. అడగాల్సినవాళ్లు మోక్షం దొరికిందని నిశ్చింతగా ఉన్నారు. మనిషిని చంపి దాచడం కష్టం గానీ, చనిపోయాడని ఊరంతటికీ తెలిసినవాణ్ని దాచడం ఇంత సులువా అనిపిస్తుంది.

వేలిముద్రల లెక్క కూడా ఇలాగే సరిపోతుంది. తెలంగాణ పోలీసులు 2017లో తెచ్చిన పాపిలాన్ పరికరాలు శవం వేలిముద్రలను రికార్డుల్లో ఉన్న నేరస్థుల ముద్రలతో పోల్చి చూడగలవు. కానీ జన్మలో పోలీస్ స్టేషన్ గడప తొక్కని ముసలమ్మ ముద్ర ఆ రికార్డుల్లో ఎందుకుంటుంది? ఆధార్‌లో ఉంటుంది గానీ, ఆ ముద్రలను మామూలు దర్యాప్తుకు ఇవ్వడానికి ఆధార్ చట్టం ఒప్పుకోదు. నేరం జరిగిన చోట దొరికిన వేలిముద్ర వెంట ఎంత దూరం వెళ్లినా, ఆ వేలు అప్పటికే మట్టిలో ఉంటుంది.

ఇంత చీకటి సరుకును ప్రేక్షకుడి కంటపడకుండా గంటకు పైగా మోయాలి. అందుకు రచయితలు హాస్యాన్ని వాడుకున్నారు. ఆత్రేయ కోటు, టోపీ, ఇంగ్లిష్ సినిమాలు చూసి నేర్చుకున్న డిటెక్టివ్ పోకడలు చూసి మనం నవ్వుతూ ఉంటాం, సాక్ష్యాలేమో పక్కనుంచి దాటిపోతుంటాయి. అసలు సాక్ష్యం మొదట్లోనే ఉంది. తల్లికి బాగాలేదని కబురొస్తే ఆత్రేయ ఊరికి పరుగెత్తుతాడు. చేరేసరికి అంతా అయిపోయింది, కడచూపు దక్కలేదు. హీరో మీద జాలి పుట్టించడానికి పెట్టిన సీను అనుకుని మనం దాన్ని దాటేస్తాం. చివర్లో ఆ తల్లి శవం కూడా ఆ వ్యానే ఎక్కిందని తెలిశాక, మొదటి సీనులో బంధువులు ఎందుకంత తొందరపడ్డారో అర్థమవుతుంది. ఆ సీనులో ఒక్క మాట మార్చనక్కర్లేదు. మొదటిసారి దుఃఖంగా విన్నదే రెండోసారి వాంగ్మూలంలా వినిపిస్తుంది. లాకప్‌లో ఆత్రేయకు పరిచయమైన మనిషి చెప్పే కూతురి కథదీ ఇలాంటి పనితనమే. ఆ కథ ముఠా వేసిన ఎర. అది నమ్మిన డిటెక్టివ్‌తో పాటు మనమూ చిక్కుకుంటాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రాణం ఉన్నప్పుడు తగిలిన గాయం చుట్టూ రక్తం కండలోకి ఇంకుతుంది, చచ్చాక తగిలిన దెబ్బకు అలా జరగదు. కాస్త శ్రద్ధగా పోస్టుమార్టం చేసే డాక్టరుకు పట్టాల నాటకం తెలిసిపోవాలి. ఇలాంటి శవాల దగ్గర అంత శ్రద్ధ ఎవరు పెడతారన్నది సినిమా ధీమా, అందులో అబద్ధమూ పెద్దగా లేదు. ఆఖర్లో గుట్టంతా ఆత్రేయ నోటితో ఏకబిగిన చెప్పించడం మాత్రం నాకు నచ్చలేదు. అంత ఓపిగ్గా పేర్చినదాన్ని విప్పేటప్పుడు హడావిడి పడ్డారు.

ఈ కథ 2022లో సంతానం హీరోగా తమిళంలో ‘ఏజెంట్ కణ్ణాయిరం’గా వచ్చింది. రెండూ చూడనివాళ్లు తెలుగుదే ముందు చూడండి. తల్లి చావు సీను వచ్చినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి, బంధువుల మాటలు జాగ్రత్తగా వినండి.