నోరా నిష్క్రమణము: సాహసమా, ధైర్యమా?

నార్వే దేశీయుడగు హెన్రిక్ ఇబ్సెన్ 1879వ సంవత్సరమున ప్రకటించిన నాటకమునకు తెలుగున ‘బొమ్మరిల్లు’ అని పేరిడవచ్చును. మూడంకముల యీ నాటకమున నాయిక నోరా. ఎనిమిదేండ్లు కాపురము చేసి, ముగ్గురు బిడ్డల తల్లియైన యామె తుదియంకమున రాత్రివేళ భర్తను విడిచి పోవును. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున కోపెన్‌హేగన్ నగరమున ప్రథమ ప్రదర్శనము జరిగినది మొద లీ నాటకముపై నొక యాక్షేపము వినబడుచున్నది. ప్రథమాంకమున భర్త ముద్దుపలుకులకు మురియుచు, మిఠాయి దాచికొని తిను ముగ్ధ, తృతీయాంకమున నింతటి ప్రౌఢ యెట్లయ్యెను? కవి తన మతమునే నాయిక నోట పలికించెనని యాక్షేపకుల తాత్పర్యము. ఇది నిలుచునేని నోరా చేసినది సాహసమగును గాని ధైర్యము గాదు.

ఈ రెంటికి గల భేదము మన లాక్షణికు లెరుగనిది కాదు. విచారింపక చేయునది సాహసము. ధనంజయుడు దశరూపకమున నాయికల కయత్నజములగు నేడలంకారములలో ధైర్యమును చేర్చెను. చాపలముచే చెడక, ఆత్మశ్లాఘ లేక యుండు చిత్తవృత్తియే ధైర్యమని యాతని లక్షణము. నోరా చిత్తవృత్తి యెట్టిదో గ్రంథమునుండియే పరీక్షింపవలెను.

పూర్వకథ యిది. భర్తయగు హెల్మర్ వ్యాధిగ్రస్తుడు కాగా, దక్షిణదేశమునకు కొనిపోనిచో బ్రదుకడని వైద్యులు నోరాకు చెప్పిరి. నాడు భార్య భర్త యనుమతి లేక ఋణము తీయరాదు. మరణశయ్యపై నున్న తండ్రిని బాధింపనొల్లక, నోరా పూచీపత్రముపై నాతని సంతకమును తానే చేసి, క్రోగ్‌స్టాడ్ అనువానియొద్ద ధనము తెచ్చి, భర్తతో నిటలీకేగి యాతని బ్రదికించుకొనెను. భర్త యీ సంగతి నెరుగడు. తండ్రి మరణించిన మూడుదినముల తరువాతి తేదీ యా సంతకముక్రింద నుండుటచే క్రోగ్‌స్టాడ్ గుట్టు గ్రహించెను.

నిష్క్రమణమునకు బీజములు మొదటి రెండంకములలోనే నాటబడినవి. ఋణము తీర్చుటకై ముందటి శీతకాలమున రాత్రులు తలుపు మూసికొని ప్రతులు వ్రాసి ధన మార్జించితినని నోరా బాల్యసఖితో చెప్పును. అలసటలోను, పురుషునివలె సంపాదించుచున్నానను నానందము కలిగెననును. పండుగచెట్టునకు పూవులు చేయుచున్నదని భర్త తలచిన రాత్రులవి! ఇది మొదటి బీజము. క్రోగ్‌స్టాడ్ చట్టము జూపి బెదిరింపగా, తండ్రికి వ్యథ తప్పించి భర్తప్రాణము నిలుపుకొన్న స్త్రీని దండించు చట్టము మంచిది కాదని వాదించును. ఇది రెండవది. ద్వితీయాంకమున దాదిని జేరి, కన్నబిడ్డను పరుల కప్పగించి వచ్చుట కెట్లు మనసొప్పెనని యడుగును. తన్ను పెంచిన యా దాదియే తన బిడ్డలకును దిక్కు కాగలదని తలపోయును. ఇది మూడవది. ఇంతటి పూర్వరంగ ముండగా మార్పాకస్మిక మనుట గ్రంథమును శ్రద్ధతో చదువమి.

ఈ బీజము లంతవరకు మొలకెత్తకుండుటకు కారణ మామె యాశ. గుట్టు బయలైనచో భర్త నేరమును తనమీద వేసికొనునని యామె నమ్మినది. దానిని నివారింపుటకై ప్రాణత్యాగమునకును సిద్ధపడినది. కాని క్రోగ్‌స్టాడ్ లేఖ చదివిన హెల్మర్ ఆమెను దూషించి, బిడ్డలను పెంచుట కనర్హవనియు, లోకుల కంటికై మాత్ర మింట నుండవలెననియు పలికెను. అంతలో ఋణపత్రము తిరిగి రాగా, తాను రక్షింపబడితినని సంతసించి యామెను క్షమించెను. నోరా కన్నులు తెరపించినది భర్త కోపము గాదు, ఆ క్షమయే. కోపము క్షణికమని సరిపెట్టుకొనవచ్చును. తన యపాయము తొలగినంతనే పుట్టిన క్షమను మాత్ర మెట్లు సరిపెట్టుకొనుట?

ఇక నామె నడవడి. వేషపు దుస్తులు విడిచి నిత్యవస్త్రములు ధరించును. భర్తను బల్లయొద్ద కూర్చుండబెట్టి మాటలాడును. శాపము లేదు, శోకము లేదు. చట్టమును మతమును తానెరుగననియు నేర్చుకొనవలసి యున్నదనియు నొప్పుకొనును. ఉంగరము తిరిగి యిచ్చి, తాళపుచెవు లుంచి, యాతని ధనసాహాయ్యమును నిరాకరించి పోవును. చాపలము లేదు, శ్లాఘ లేదు. ధనంజయుని లక్షణ మక్షరాల సరిపోయినది.

దీనికి ప్రతికూలోదాహరణము కూడ కలదు. నాయికపాత్ర ధరింపవలసిన హెడ్విగ్ నీమన్‌రాబె, బిడ్డలను విడుచు తల్లిగా నటింపనని పట్టుబట్టగా, ఇతరులు మార్చుటకంటె తాను మార్చుట మేలని 1880లో కవియే జర్మనీ రంగమునకై వేరొక ముగింపు వ్రాసియిచ్చెను. అందు భర్త బిడ్డల గదివాకిట నిలుపగా నోరా కూలబడి నిలిచిపోవును. ఆ ముగింపు కవికే సమ్మతము గాలేదు. బిడ్డలను పెంచుటకు మొదట తానే నేర్వవలెనని పోవుచున్న తల్లికి, బిడ్డల ముఖదర్శనము ప్రత్యుత్తరము కాజాలదు గదా!

నాటకమున దోషము లేకపోలేదు. తృతీయాంకమున క్రోగ్‌స్టాడ్ మనసు మారుట కవికి కావలసిన ఘడియకే జరిగినది. కాని యీ దోషము నాయికకు తగులదు. తలుపు మూసిన పిదప నామె యేమయ్యెనో కవి చెప్పడు. సుఖము లభించునని తెలిసి గడప దాటుటకు ధైర్యముతో పనిలేదు; తెలియకయు, విచారించి దాటినది గనుకనే నోరా ధీర.