రాణిగారి కల, మట్టి పలకల లెక్క

ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంగ్లీషు టీచరు నాకొక పాత నాటకం ఇచ్చారు. గ్రీకు కవి ఎస్కిలస్ రాసిన ‘పర్షియన్లు’. క్రీ.పూ. 472లో ఏథెన్స్‌లో ఆడితే మొదటి బహుమతి వచ్చింది. మనకు పూర్తిగా దొరికిన గ్రీకు విషాద నాటకాల్లో అన్నిటికంటే పాతది ఇదేనట. సగం మాటలకు డిక్షనరీ చూడాల్సి వచ్చింది, అందుకే వారం పట్టింది.

కథ చిన్నదే. పర్షియా రాజు జెర్క్సీస్ గ్రీసు మీదికి దండెత్తి పోయాడు. సూసా నగరంలో అతని తల్లి, అంటే చనిపోయిన డేరియస్ భార్య, కబురు కోసం చూస్తుంటుంది. ఆమెకు కల వస్తుంది. కొడుకు ఇద్దరు ఆడవాళ్లను రథానికి కట్టి మెడ మీద కాడి పెట్టాడు. ఒకతి ఊరుకుంది. ఇంకొకతి కాడి విరిచేసి రాజును కింద పడేసింది. తర్వాత దూత వచ్చి సలామిస్ సముద్రంలో ఓడిపోయామని చెప్తాడు.

ఎస్కిలస్ మారథాన్‌లో పర్షియన్లతో స్వయంగా పోరాడినవాడు. సలామిస్ యుద్ధం అయి అప్పటికి ఎనిమిదేళ్లే. అయినా శత్రువు తల్లిని ఏడిపించి, ఆ ఏడుపును ఏథెన్స్ వాళ్లచేత గౌరవంగా వినిపించాడు. దానికి ఆయనను మెచ్చుకోవాలి.

కానీ నాకు కొన్ని చోట్ల నచ్చలేదు. రాణి ఏథెన్స్ ఎక్కడుంది, వాళ్లకు యజమాని ఎవరు అని అడుగుతుంది. వాళ్లు ఎవరికీ బానిసలు కారని జవాబు వస్తుంది. అంత పెద్ద రాజ్యం రాణికి, కొడుకు ఎక్కడికి యుద్ధానికి పోయాడో కూడా తెలియదా? ఆ ప్రశ్నలు ఆమెవి కావు, చూసేవాళ్లు చప్పట్లు కొట్టడానికి పెట్టినవి. అలా గొప్పలు చెప్పుకున్న ఏథెన్స్ చట్టంలోనేమో ఆడమనిషి మెడిమ్నస్ అనే ఒక్క కొలత బార్లీ విలువకు మించి సొంతంగా బేరం చేయకూడదు. దేనికైనా తండ్రో మొగుడో ముందుండాలి. నాటకంలో రాణి వేషం కూడా మగవాడే వేశాడు. ఆమెకు పేరు కూడా లేదు. అటోస్సా అనే పేరు మనకు హెరొడోటస్ వల్ల తెలుసు. మిగతా పర్షియా ఆడవాళ్లు మెత్తని పరుపుల మీద ఒంటరిగా ఏడుస్తున్నారని పాటలో వస్తుంది, అంతే.

ఇది చదివాక టీచరు పెర్సెపోలిస్ మట్టి పలకల గురించి చెప్పారు. 1933-34లో ఇరాన్‌లో ఆ కోట గోడలో వేల పలకలు దొరికాయి. క్రీ.పూ. 509 నుంచి 493 వరకు, అంటే డేరియస్ కాలపు లెక్కలు. ఎక్కువ భాగం ఏలామైట్ భాషలో ఉన్నాయి. కవిత్వం ఏమీ లేదు. ఎవరికి ఎంత ధాన్యం, ఎంత ద్రాక్షసారా, అదే.

ఆ లెక్కల్లో ఆడవాళ్లకు పేర్లున్నాయి! ఇర్తష్దున అనే ఆమెకు (గ్రీకులు ఆర్టిస్టోన్ అన్న డేరియస్ భార్య ఈమేనంటారు) 100 గొర్రెలు ఇమ్మని రాజు ఆజ్ఞ. ఆమెకు సొంత భూములు, సొంత ముద్ర ఉన్నాయి. ఆ ముద్ర వేసి తన సరుకు ఎవరికివ్వాలో ఆమే ఉత్తరం పంపేది. ఇర్దబామ అనే ఇంకొక ఆమె కింద వందలమంది పనివాళ్లు. ఆడవాళ్ల గుంపుకు పెద్దగా ఉన్న స్త్రీకి చాలామంది మగ పనివాళ్లకంటే ఎక్కువ ధాన్యం ముట్టేది. అదే పెర్సెపోలిస్ రాతి శిల్పాల్లో చూద్దామంటే ఒక్క స్త్రీ బొమ్మ లేదు. చూపించుకోవడానికి చెక్కిన రాయి మీద లేనివాళ్లు, లెక్క తప్పకూడదని రాసిన మట్టి మీద ఉన్నారు.

అలాగని పర్షియాలో ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా బతికారని కొందరు అనేదాన్నీ నేను నమ్మను. అవే పలకల్లో, మగపిల్లాడు పుట్టిన తల్లికి ఇచ్చిన ద్రాక్షసారాలో సగమే ఆడపిల్ల పుట్టిన తల్లికి ఇచ్చారు. మామూలు పనికత్తెలకు మగవాళ్లకంటే తక్కువ ధాన్యం. వాళ్లలో చాలామందికి పేరు కూడా రాయలేదు, ఎంతమందో రాశారు.

మా షోలాపూర్‌లో మా అవ్వ నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఆమె పేరు శుభలేఖల్లో ఎప్పుడూ తాత పేరు వెనకే. కానీ తునికాకు ఎంత తీసుకుంది, తంబాకు ఎంత, బీడీలు ఎన్ని ఇచ్చింది అని రాసే కార్డు మీద మాత్రం ఆమె పేరొక్కటే ఉంటుంది. పలకల సంగతి చెప్తే అవ్వ, “గా సగం ఇచ్చినోడు కూడా రాసి పెట్టుకున్నడా?” అని అడిగింది. రాసి పెట్టుకున్నాడవ్వా అన్నాను.

నాటకం చివర నాకు బాగా గుర్తుండిపోయింది. డేరియస్ దయ్యం లేచి, కొడుకు చినిగిన బట్టలతో వస్తున్నాడు, మంచి బట్టలు తీసుకుపో అని రాణికి చెప్తుంది. ఆమె తేవడానికి లోపలికి పోతుంది. జెర్క్సీస్ చింపిరి గుడ్డలతోనే వచ్చి ముసలివాళ్లతో కలిసి ఏడుస్తాడు, నాటకం అయిపోతుంది. రాణి మళ్లీ రాదు. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను, పేజీ ఏమన్నా ఊడిపోయిందేమోనని.