తడి సున్నం మీద చేపల గుత్తి

గ్రీసులోని సాంటోరిని దీవిలో, అక్రోతిరి అనే చోట 1967లో స్పిరిడాన్ మారినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. దాదాపు 3,600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం కప్పేసిన ఊరు బూడిద కింద నుంచి బయటపడింది, రంగులు వెలిసిపోని గోడలతో సహా.

ఆ గోడలకు రంగులద్దిన వాళ్ల పేర్లు మిగల్లేదు, పనితనం మిగిలింది. మట్టి మెత్తిన గోడ మీద సున్నం పూసి నున్నగా చేసేవారు. అది తడిగా ఉండగానే దారం బిగించి నొక్కి గీతలు తీసుకునేవారు. ఆ అచ్చులు కొన్నిచోట్ల నేటికీ కనిపిస్తాయి. తడి మీద కొంత, ఆరాక కొంత రంగు వేసేవారు. ఎరుపు, పసుపులు మట్టి నుంచి తీసినవి. నీలంలో కొంత మాత్రం ఈజిప్టు పద్ధతిలో కాల్చి చేసింది.

గీసిందీ ఊరి బతుకునే. ఒక గోడ మీద ఒంటిమీద నూలుపోగు లేని కుర్రాడు రెండు చేతులా తాడుకు గుచ్చిన చేపల గుత్తులు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో ఇంట్లో అమ్మాయిలు రాళ్ల మధ్య కుంకుమపువ్వు కోస్తున్నారు. ఒక పిల్ల గుండుకు నీలిరంగు వేశాడు చిత్రకారుడు, నున్నగా గొరిగిన తలకు గుర్తుగా.

ఒక ఇంట్లో ఎండిన సున్నం ఒక పాత్రలో, ఎండిన రంగు మరో పాత్రలో దొరికాయి. పని సగంలో ఉండగానే పనివాళ్లు వెళ్లిపోయారు.