ఒక రవ్వ, ఒక నినాదము

అడవులకు నిప్పంటింపవద్దని ప్రజలకు చెప్పుటకై అమెరికాలో 1944లో స్మోకీ అను ఎలుగుబంటి బొమ్మను సృష్టించిరి. టోపీ పెట్టుకొన్న ఆ ఎలుగుబంటి నేటికిని హెచ్చరించుచునే యున్నది. అగ్గిపుల్ల పారవేయువానికి, చలిమంట ఆర్పక పోవువానికి ఆ హెచ్చరిక చాలును. కాని గడ్డి కోయు యంత్రమును నడుపువాడు తాను నిప్పు పెట్టుచున్నానని అనుకొనడు. అట్టివారికై కాలిఫోర్నియా అగ్నిమాపకశాఖ వేరొక ప్రచారము నడిపినది. ఒక రవ్వ తగ్గినచో ఒక దావానలము తగ్గునని దాని నినాదము.

ఇందలి సలహాలు మంచివే. టైర్లలో గాలి చూచుకొనవలెను. ట్రైలరు గొలుసులు రోడ్డుపై ఈడ్వరాదు. ఎండుగడ్డిపై బండి నిలుపరాదు. ఇవి చాదస్తములు కావు. 2018 జులై 23న రెడింగు నగర సమీపమున ఒక ట్రైలరు టైరు గాలిపోగా లోహపు రిమ్ము రోడ్డును రాచుకొని రవ్వలు లేచినవి. తత్ఫలితముగ 2,29,000 ఎకరములకు పైగా కాలిపోయెను, ఎనిమిదిమంది మరణించిరి. దీనిని కార్ అగ్నికాండ మందురు. (ఆ పేరు అచటి కార్ పవర్‌హౌస్ రోడ్డును బట్టి వచ్చినది, మనము ఎక్కు కారుతో దానికి సంబంధము లేదు.)

అయినను శాస్త్రదృష్టితో చూచినచో ఈ ప్రచారమున ఆజ్ఞలు హెచ్చు, కారణములు తక్కువ. రవ్వ యనగా నేమి? చెకుముకి కొట్టినపుడు నిప్పు రాతినుండి వచ్చునని విద్యార్థులు చాలమంది తలంతురు. నిజమునకు మండునది ఉక్కు రజను. రాయి తగిలి బ్లేడునుండి ఊడిన సూక్ష్మరేణువు ఘర్షణచే వేడెక్కి, గాలిలోని ఆమ్లజనితో కలిసి ఎగురుచునే మండును. దీపావళినాడు కాకరపువ్వొత్తినుండి చిమ్మునదియు ఇనుప రజనే. రాగిని సానపై పట్టినచో ఇట్టి రవ్వలు రావు. ఈ నాలుగు మాటలు తెలిసినవాడు రాళ్లున్నచోట లోహపు బ్లేడు ఏల వాడరాదో తానే గ్రహించును.

నినాదమునందే మరియొక చిక్కు కలదు. కార్ల పొగగొట్టమునకు అమర్చు ఉత్ప్రేరకపు పేటిక 400 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడిలో పనిచేయును. క్రింద ఎండుగడ్డి తగిలిన చాలును, అంటుకొనవచ్చును. అచట రవ్వ లేనే లేదు! ఇక సలహాల జాబితా ఎంత పెంచినను అన్నియు అందులో ఇముడునా? అదే 2018 జులైలో మెండొసీనో ప్రాంతమున ఒకడు కందిరీగల పుట్టను మూయుటకు ఇనుప మేకును సుత్తితో కొట్టగా లేచిన రవ్వ 4,10,000 ఎకరములను దగ్ధము చేసినదని దర్యాప్తులో తేలినది. సుత్తిని ఏ పోస్టరు రచయిత ఊహించును?

రవ్వలు నిత్యము వేలకొలది ఎగిరి ఆరిపోవుచుండును. వానిలో ఒకటి ప్రాణము పోసుకొనుట గడ్డి పొడితనముపైనను, గాలిపైనను ఆధారపడును. అందుచే ఈ ప్రచారమంతటిలో నాకు మేలుగ తోచిన వాక్యము ఉదయము పది గంటలలోపు గడ్డి కోయవలెననునది. పాప మా వాక్యమునకే వివరణ కరవు. సన్నని ఎండుగడ్డి రాత్రి గాలిలోని తేమను పీల్చుకొని, ఎండ ముదిరిన గంట రెండు గంటలలో దానిని వదలివేయును. చిత్రమేమన, ఇంటిచుట్టు నూరడుగులమేర గడ్డి, పొదలు తగ్గించవలెనని ఆ రాష్ట్రపు చట్టమే నిర్బంధించును. ఇల్లు కాపాడుకొనుటకు మిట్టమధ్యాహ్నము యంత్రము పట్టినవాడే నిప్పు రాజవేసినవా డగును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును; నిప్పుతో పనిలేదు. గుప్పెడు ఎండుగడ్డిని రాత్రి ఆరుబయట నుంచి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నము రెండు గంటలకు మరియొకసారి సున్నితపు త్రాసులో తూచవలెను. సముద్రతీరపు పాఠశాలలోను, అనంతపురము వంటి పొడినేలలోను ఒకే వారమున తూచి, అంకెలను పోల్చినచో మరియు బాగుగ నుండును.