ఆరకముందే: రామ్‌కింకర్ బైజ్ కాంక్రీటు శిల్పాలు, నీటిరంగు చిత్రాలు

తెలుగు సాహిత్య విమర్శలో ‘వస్తువు’, ‘శిల్పం’ అనే విభజన స్థిరపడిపోయింది. శిల్పం అన్నప్పుడు మన మనస్సులో మెదిలేవి ఉలి, రాయి, అనవసరమైనదాన్ని తొలగించే ఓర్పు. ఒక కథ ‘చెక్కినట్లుంది’ అని మెచ్చుకోవడం ఈ భావన నుంచి వచ్చినదే. రామ్‌కింకర్ బైజ్ (1906–1980) కృషిని పరిశీలిస్తే ఈ భావన అసంపూర్ణమని తెలుస్తుంది.

బెంగాల్‌లోని బాంకురాలో క్షురకవృత్తి కుటుంబంలో జన్మించిన రామ్‌కింకర్, రామానంద చటర్జీ చొరవతో 1925లో శాంతినికేతన్ చేరాడు. కళాభవన్‌లో నందలాల్ బోస్ శిష్యుడై, తర్వాత అక్కడే శిల్పాచార్యుడయ్యాడు. ఆయన శిల్పాలను ప్రధాన కృషిగా, నీటిరంగు చిత్రాలను విరామకాలపు వ్యాసంగంగా చూడడం పరిపాటి. ఆ రెండింటికీ మూలసూత్రం ఒక్కటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కంచు పోతకు అయ్యే ఖర్చును భరించలేని స్థితిలో ఆయన సిమెంటును, స్థానికంగా దొరికే ఎర్ర కంకరను ఎంచుకున్నాడు. ఇనుప చట్రంపై ఆ మిశ్రమాన్ని చేతితో విసిరి రూపం కట్టాడు. నీరు కలిపిన సిమెంటు గట్టిపడేలోగా నిర్ణయం జరిగిపోవాలి. నీటిరంగుకూ ఇదే నియమం: తడి ఆరాక దిద్దితే రంగు మురికిబారుతుంది. కాగితంపై వదిలిన తెలుపే వెలుగు కావాలి. షిల్లాంగ్ కొండల చిత్రాలలో ఆయన కుంచె ఆగిన చోట్లు ఎంత ముఖ్యమో, ‘సంథాల్ కుటుంబం’ (1938)లో మనుషుల నడుమ వదిలిన ఖాళీ అంత ముఖ్యం. కావడి మోసే పురుషుడు, బిడ్డనెత్తుకున్న స్త్రీ, బుట్టలోని పసివాడు, వెంట నడిచే కుక్క. వీరంతా వేర్వేరు విగ్రహాలు కారు, ఒకే నడక. ‘మిల్ కాల్’ (1956)లో మిల్లు కూత విని పరుగెత్తే స్త్రీల చీరలు గాలికెగిరే తీరు, తడి కుంచె ఒక్క లాగులో గీసిన గీతను తలపిస్తుంది.

దీన్ని ఆవేశజన్యమైన తొందరగా భావించరాదు. చట్రం కట్టాలంటే బరువుల లెక్క ముందే తెలియాలి. గీసిన చిత్తుచిత్రాలన్నీ ఆ క్షణానికి సన్నాహాలే. అంటే ఆయన వేగం దీర్ఘాభ్యాస ఫలితం.

ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముంగిట నిలిచిన యక్ష, యక్షిణి విగ్రహాలు ఈ వాదానికి ప్రత్యుదాహరణగా కనిపించవచ్చు. అవి రాతివి, ఏళ్ల తరబడి సాగినవి. వాటిలో ప్రాచీన యక్షమూర్తుల గాంభీర్యం ఉంది. కాని ‘మిల్ కాల్’లోని గాలి లేదు. ఈ తేడాకు విషయభేదం ఒక కారణమే. అయినా పదార్థం మారగానే కాలంతో ఆయన సంబంధం కూడా మారిందన్నది కాదనలేం.

శాంతినికేతన్ కంకర సంథాలులు నడిచిన నేలదే. ఆ నేలే వారి దేహమైనప్పుడు వస్తువు ఎక్కడ ముగిసి శిల్పం ఎక్కడ మొదలైందో చెప్పడం అసాధ్యం. తొలగింపును మాత్రమే శిల్పంగా గుర్తించే మన విమర్శ, ఆశువుగా, తడిగా ఉండగానే కుదిరిన రచనలను ‘శిల్పం లేనివి’గా తోసిపుచ్చే ప్రమాదం ఉంది. మౌఖిక సాహిత్యాన్ని తూచే వేళ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. రామ్‌కింకర్ కృషి మనకు అందించే ప్రధానమైన హెచ్చరిక ఇదే.