గురువు దిగిపోయిన పడవ

మిర్చి సీజన్‌లో పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కి వస్తే రెండు చేతుల పని తీరిగ్గా చూడాలి. దబ్బనంతో బస్తా మూతి కుట్టే చెయ్యి ఒకటి, లోడు లారీ మీద తాడు బిగించే హమాలీ చెయ్యి ఇంకొకటి. అతను వేసే ముడి బరువు పడేకొద్దీ బిగుస్తుంది. దింపే చోట మాత్రం కొస పట్టి లాగితే చాలు, ఊడి వస్తుంది. దబ్బనం, తాడు, ముడి. తెరచాప పడవ మీద బతుకంతా ఈ మూడింటి మీదే నడుస్తుందని నాకు తెలిసేసరికి సగం వయసు అయిపోయింది. మాకు సముద్రం చూడాలంటే వరంగల్‌లో రైలెక్కి ఒక రాత్రి ప్రయాణం చెయ్యాలి. అయినా ఈ మార్కెట్ పక్కన పెరిగినవాడిగా ఆ పడవ పనితనం గురించి రాయడానికి నాకు కాస్త హక్కుందనే అనుకుంటున్నాను.

2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ జరిగింది. దేశదేశాల యుద్ధనౌకలు బారులు తీరిన ఆ వేడుకకు ఒక తెరచాప పడవ కూడా వచ్చింది. పొడవు 56 అడుగులు, పేరు మాదేయి. సందడి ముగిశాక దాన్ని విశాఖ నుంచి గోవాకు తీసుకెళ్లింది పూర్తిగా మహిళా నావికాధికారుల బృందం. నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. రెండేళ్లకు తారిణి అనే పడవలో భూగోళాన్ని చుట్టివచ్చి పేరు తెచ్చుకున్న ఆరుగురి కథలో ఈ విశాఖ-గోవా ప్రయాణం ఒక చిన్న పేరాగ్రాఫ్. నాకు మాత్రం అసలు పనితనమంతా అందులోనే కనిపిస్తుంది. నేర్పిన గురువు పడవ దిగి ఒడ్డున నిలబడ్డ ప్రయాణం అది.

దారి చూస్తే తీరం వెంబడి తాపీగా సాగే షికారులా అనిపిస్తుంది. అలా ఉండదు. భారత్‌కూ శ్రీలంకకూ మధ్య రామసేతు దగ్గర నీళ్లు లోతు తక్కువ. అడుగున బరువైన కీల్ ఉన్న పడవ అక్కడ దూరలేదు. కాబట్టి శ్రీలంక మొత్తం చుట్టి రావాలి. పటం మీద కొలిస్తే పద్నాలుగు వందల నాటికల్ మైళ్లు దాటుతుంది. ఫిబ్రవరిలో తూర్పు తీరాన ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది, అంతవరకు సుఖమే. శ్రీలంక దక్షిణపు కొసన మాత్రం ప్రపంచంలో బాగా రద్దీ అయిన ఓడల దారుల్లో ఒకటి అడ్డొస్తుంది. కన్యాకుమారి దాటి ఉత్తరానికి తిరిగాక గాలి ఎదురవుతుంది. గాలికి ఎదురుగా తెరచాప పడవ నేరుగా పోలేదు. ఎత్తయిన గట్టు ఎక్కే ఎడ్లబండిలా ఇటు వాల్చి, అటు వాల్చి, వంకరటింకరగా ఎక్కాలి. రాత్రిళ్లు దీపం లేని చేపల పడవలు, నీళ్లలో పరిచిన వలలు సరేసరి.

నడిసముద్రం భయంకరమనీ తీరం క్షేమమనీ ఒడ్డున ఉన్న మనం అనుకుంటాం. పడవవాళ్ల లెక్క తలకిందులు. నడిసముద్రంలో తప్పు చేస్తే సర్దుకోవడానికి చోటుంది. తీరం దగ్గర ఆ చోటు లేదు, రాయో ఇసుకమేటో ఓడో కాచుకుని ఉంటుంది. మహాసముద్రం దాటబోయేవాళ్లను ముందు ఇలాంటి పరీక్షకు పెట్టడం లోకమంతా ఉన్న పద్ధతే. ఆరున్నర మీటర్ల పడవల్లో ఒంటరిగా అట్లాంటిక్ దాటే మినీ ట్రాన్సాట్ అనే పందెం 1977లో మొదలైంది. అందులో దిగాలంటే ముందుగా వెయ్యి మైళ్లు ఎక్కడా ఆగకుండా ఒక్కరే నడిపి చూపించాలి.

ఒంటరివాడు నిద్రపోయే తీరు ఒక్కటి చూస్తే ఆ పరీక్ష ఎందుకో తెలుస్తుంది. రాత్రి పెద్ద ఓడ దీపం ఏడెనిమిది మైళ్ల దూరాన కంటికి ఆనుతుంది. అది 20 నాట్ల వేగంతో ఎదురొస్తూ, మన పడవ ఐదారు నాట్లతో దాని వైపు పోతుంటే, రెండూ కలిసేది పదహారు నుంచి పంతొమ్మిది నిమిషాల్లో. అందుకే ఒంటరి నావికుడు ఓడల దారిలో పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి, నలువైపులా చూసి, మళ్లీ పడుకుంటాడు. కునుక్కి కూడా కొలత ఉందన్నమాట. కమాండర్ దిలీప్ దోందే ఈ కొలత సాధించినవాడు. 2009లో మాదేయిని సిబ్బందితో మారిషస్‌కు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి గోవాకు ఒంటరిగా తీసుకొచ్చాడు. ఆ ఆగస్టులోనే ముంబయి నుంచి ఒంటరిగా భూప్రదక్షిణకు బయల్దేరి, నాలుగు రేవుల్లో ఆగుతూ, 2010 మేలో తిరిగొచ్చాడు. ఆ పని చేసిన మొదటి భారతీయుడు ఆయనే. విశాఖలో పడవ ఎక్కిన అమ్మాయిలకు గురువూ ఆయనే.

ఆ పడవ మాటా చెప్పాలి. గోవాలో మాండవి నది మధ్య దివాడి ద్వీపం మీద రత్నాకర్ దాండేకర్ అనే ఆయన పడవల కార్ఖానా ఉంది. మహాసముద్రాలు చుట్టే తెరచాప పడవ అంతకు ముందు అక్కడ ఎవరూ కట్టలేదు. నెదర్లాండ్స్‌లో గీసిన నమూనా తెచ్చి, మధ్యలో కలప, రెండు వైపులా ఫైబర్ గ్లాస్ పెట్టి మాదేయి ఒళ్లు పోశారు. అది 2009 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. 2012-13లో నౌకాదళ అధికారి అభిలాష్ టామీ దాని మీదే ఎక్కడా ఆగకుండా ఒంటరిగా లోకం చుట్టొచ్చాడు. అదే కార్ఖానాలో, అదే నమూనాతో 2017లో తారిణి తయారైంది. ఒడిశాలోని గంజాం జిల్లా కొండ మీద వెలసిన తారా తారిణి పేరు దానికి పెట్టారు.

విశాఖ ఆడపడుచు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య తారిణి ఆరుగురిలో ఉన్నారు. పత్రికలు వాళ్లను పొగిడినప్పుడల్లా సాహసం, సాహసం అన్నాయి. ఆ మాట నాకు కాస్త చప్పగా తోస్తుంది. సాహసం అనగానే గాలివాన వచ్చాక చేసే పని గుర్తొస్తుంది. వీళ్ల విద్యంతా గాలివానకు ముందే జరిగిపోయింది. తెరచాప కుదించాలా అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే కుదించి ఉండాల్సిందని నావికులు అంటారు. మా మార్కెట్‌లో ఆరబోసిన మిర్చి రాశి ముందు నిలబడ్డ రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చినుకు పడ్డాక టార్పాలిన్ కోసం పరిగెత్తినవాడి సరుకు తడవక మానదు. సముద్రం మధ్యలో మెకానిక్ దొరకడు కనుక ఇంజను, కరెంటు, తాళ్లు, తెరచాపల కుట్టుపని, చుక్కాని మరమ్మతు ఎక్కేవాళ్లకే వచ్చి ఉండాలి. ఒడ్డున నెలల తరబడి గ్రీజు పూసుకున్న చేతుల గురించి ఎవరూ పతాక శీర్షికలు రాయరు.

గోవా చేరిన తరువాత, ఆ ఏడాది వానాకాలంలోనే, మహిళా బృందం మాదేయి మీద మారిషస్ వెళ్లింది. అది వాళ్ల మొదటి మహాసముద్ర యాత్ర, రెండు వేల పైచిలుకు మైళ్లు. తరువాత డిసెంబరులో కేప్‌టౌన్ దాకా. 2017 సెప్టెంబరు 10న ఆరుగురూ తారిణి మీద గోవా విడిచారు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, 2018 జనవరిలో కేప్ హార్న్, ఆపైన పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. దారిలో అరవై నాట్లు దాటిన గాలులు తగిలాయి. ఇల్లు దగ్గర పడుతున్నదనగా, ఏప్రిల్‌లో, హిందూ మహాసముద్రంలో స్టీరింగ్ పాడైంది. అనుకోని రేవు పట్టాల్సి వచ్చింది. ఆ రేవు మారిషస్‌లోని పోర్ట్ లూయీ. మాదేయి మీద వెళ్లిన పాత రేవే. మరమ్మతు చేసుకుని మే 21న గోవా చేరారు.

ఈ గురుశిష్యుల గొలుసు పట్టుకుని వెనక్కి పోతే ఇంకో ముచ్చట ఉంది. దోందేకు ఒంటరి ప్రయాణం మెళకువలు చెప్పింది రాబిన్ నాక్స్-జాన్స్టన్. ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషి ఆయన, 1969లో 312 రోజుల్లో ముగించాడు. ఆయన పడవ సుహైలీని టేకు చెక్కతో కట్టింది బొంబాయి వడ్రంగులు.

ముందుకు వస్తే, అభిలాష్ టామీ శిక్షణలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప తయారయ్యారు. వాళ్లు ఆరుగురు కాదు, ఇద్దరే. ఆ ఇద్దరే తారిణిని ముందు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకెళ్లి తెచ్చారు, తరువాత మారిషస్‌కు. 2024 అక్టోబరు 2న అదే పడవలో గోవా నుంచి భూప్రదక్షిణకు బయల్దేరి, 2025 మే నెలాఖరుకు గోవాకే తిరిగొచ్చారు.