వికీ కరదీపికలు – తెలుగు పాఠకుడు

కంప్యూటరు ప్రోగ్రామును వ్రాయుట ఒక విద్య. దానిని వాడు విధమును బోధించుట వేరొక విద్య. ఈ రెండవదానిని బహుజనకర్తృకము చేసినది వికీ. అమెరికా దేశీయుడగు వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో ప్రోగ్రామర్ల అనుభవములను పోగుచేయుటకై తొలి వికీని నెలకొల్పెను. పుటను చదివినవాడే దానిని దిద్దవచ్చును. దిద్దకమునుపటి పాఠమును చెరగక నిలిచియుండును. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠభేదములను నిర్ణయించిన మన పరిష్కర్తలకు ఈ సౌలభ్యము లేకపోయెను గదా!

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని నడుపు మీడియావికీ, ఎవరైనను గ్రహించి మార్చుకొనదగిన స్వేచ్ఛా సాఫ్టువేరు. దాని సహాయపుటలును వికీలోనే వ్రాయబడుచున్నవి. ఎల్లరును నకలు తీసికొనుటకు వీలుగా వానిపై కర్తృత్వహక్కులు విడువబడినవి. ఈ ఔదార్యము మెచ్చదగినదే. విమర్శకు గురికాదగినది అనువాదపద్ధతి. ఆంగ్లపుటను ఖండములుగా విభజింతురు. అనువాదకులు ఒక్కొక్క ఖండమును తెనిగింతురు. మూలము మారినచో ఆ ఖండపు అనువాదము పాతబడినదని గుర్తు పడును. లెక్కకు ఇది చక్కని ఏర్పాటు. కాని అతుకులవద్ద తెలుగు వాక్యము నడక తప్పును. ఒకరు 'సవరించు' అన్నదానిని వేరొకరు 'మార్చు' అన్నచో, రెండును ఒకే మీటయని క్రొత్తవానికి తెలియుటెట్లు?

ఇందుకు భిన్నముగా ఒక్క మాటను చూడుడు. ఆంగ్ల వికీపీడియాలో సభ్యులు చర్చించుకొను చోటికి 'ఊరి పంపు' అను అర్థమిచ్చు పేరు కలదు. తెలుగువారు ఆ పదములను తెనిగింపక 'రచ్చబండ' అనిరి. ఇది పదానువాదము కాదు, ఆచారమునకు ఆచారము.

వేలూరు, గుడియాత్తము ప్రాంతములందు ఈ తారతమ్యము మఱింత స్పష్టమగును. చిత్తూరు సీమనుండి వచ్చు కౌండిన్యానదికి మోర్ధానావద్ద ఆనకట్ట కలదు. ఆ నీటికి లేని హద్దు లిపికి ఏర్పడినది. తమిళనాట 2006 నాటి చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసెను. ఇంట తెలుగు మాటలాడి, బడిలో తమిళాక్షరములే నేర్చినవానికి 'రచ్చబండ' చెవినబడినచో అర్థము కావచ్చును. 'వీక్షణ జాబితా' కంటబడినను కాదు.

వికీలో ప్రతి పుటకును చర్చాపుట యుండును. ఏ మాట జనమునకు అందలేదో అందు చెప్పదగినవాడు ఈ సరిహద్దు పాఠకుడే, చదువలేనివాడు చెప్పుటెట్లు? మీడియావికీ పుటలో ధ్వనిముద్రణమును చేర్చు వీలు కలదు. సహాయపుటలను వినిపించు ముద్రణములను వానికి జతపఱచినచో, మోర్ధానా తెలుగువాడును విని, తనకు తెలియని మాటను తమిళలిపిలోనైనను చర్చాపుటలో ప్రశ్నింపగలడు.